పాలబండి ఆకుపచ్చ

మే 4, 1998, సోమవారం

బీపీ 152/94.

డాక్టరు రోజూ ఈ అంకె రాసి చూపించమన్నాడు. నా పెళ్ళాం జెనీవా మందుల షాపు నుంచి నోటుబుక్కు కొనుక్కొచ్చింది. అట్ట మీద పిల్లిపిల్లలు. యాభై ఎనిమిదేళ్ళ కారు పెయింటరుకి పిల్లిపిల్లల నోటుబుక్కు! ఇంకోటి దొరకలేదా అంటే, "నీ మొహానికి ఇదే ఎక్కువ," అంది. ఉత్త అంకె రాస్తే ఏం తెలుస్తుంది? అది ఎందుకు పెరిగిందో కూడా రాయాలి. ఇవాళ్టి కారణం మాక్సీన్ ట్రెడ్‌వే.

వాళ్ళన్న డేల్ ఫిబ్రవరిలో గుండె ఆగి పోయాడు. అతని కారు ఈవిడకొచ్చింది. లారీ మీద వేయించి మా షాపుకి తెచ్చింది. డెబ్భై మోడల్, రెండు తలుపులు, ఆ ఏడాది వచ్చిన వాటిలోకెల్లా పెద్ద ఇంజను. ఇంజను చూసి ఈల వేశాను. రంగు చూసి నోరు మూశాను. లేత ఆకుపచ్చ. మా పిన్ని ఇంట్లో పాత ఫ్రిజ్ ఆ రంగులో ఉండేది. ఆ ఏడాది కంపెనీ ఇచ్చిన రంగులన్నీ పేర్లతో, నంబర్లతో సహా నాకు కంఠతా వచ్చు. ఈ ఏడుపు పచ్చ వాటిలో లేదు.

ఆవిడ అడిగింది ఒక్కటే. ఎడమ వెనక మడ్‌గార్డు తుప్పు పట్టింది, అంతవరకు బాగుచేసి అదే ఆకుపచ్చ కలిపి వెయ్యమంది.

"ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రంగండీ ఇది."

"కాదమ్మా."

"కాదంటారేంటి? అదెలా వచ్చిందంటే, అప్పుడు మా అన్నా నేనూ..."

"అందరూ ఇదే చెప్తారు," అన్నాను. బోనెట్ ఎత్తాను.

ఎడమ పక్క, బ్యాటరీ వెనకాల, రెండు స్క్రూలతో బిగించిన బిళ్ళ. ఏ రంగు, ఏ ఇంజను, ఏ సీట్లు, అన్నీ ఫ్యాక్టరీవాళ్ళు దాని మీద అచ్చు గుద్ది పంపిస్తారు. గుడ్డ పెట్టి తుడిచాను. ఒక్కో కారుకీ ఫ్యాక్టరీ ఇచ్చే నంబరుండే కింది వరసని బ్యాటరీ ఆసిడ్ తినేసింది. రంగు వరస నిక్షేపంగా ఉంది. ముదురు నీలం.

"మనుషులు మర్చిపోతారు. బిళ్ళ మర్చిపోదు," అన్నాను. ఆవిడ బిళ్ళ వంక చూసి, తర్వాత నా వంక చూసి, చేతిసంచీ సర్దుకుంది.

మే 6, బుధవారం

149/92. మాక్సీన్ మూడుసార్లు ఫోను చేసింది. మూడుసార్లూ జెనీవాయే మాట్లాడింది.

"ఆవిడ ఏదో చెప్తోంది, వినొచ్చుగా ఎర్ల్?"

ఏం వినాలి? ముప్ఫై ఏళ్ళుగా వింటూనే ఉన్నాను. మన్రో నుంచి ఒకడొచ్చాడు, వాళ్ళ నాన్న కారు పుట్టుక నుంచీ ఎరుపేనని బల్ల గుద్ది చెప్పాడు. గీకితే గోధుమరంగు బయటపడింది. ఇంకొకావిడ పసుపు అంటూ ఏడ్చింది, అది తెలుపు. ఎవరి జ్ఞాపకం వాళ్ళకి ముద్దు. అందరి మాటా వింటే నేను షాపు మూసుకోవాలి.

మే 8, శుక్రవారం

మాక్సీన్‌కి ఫోను చేసి ఒప్పించాను. ఆగస్టులో పార్కులో పాత కార్ల పోటీ ఉంది. జడ్జి మా వర్జిల్. కారు ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలి వాడికి. మొత్తం గీకి అసలు నీలం వేస్తే డేల్ కారు మొదటి వరసలో నిలబడుతుందని చెప్పాను. ఒక్క మడ్‌గార్డుకి అతుకేస్తే అతుకు బొంతలా ఉంటుందని కూడా చెప్పాను.

"డేల్‌కి అది నచ్చేదంటారా?"

"కారు పుట్టినప్పుడు ఎలా ఉందో అలా ఉంటే ఎవరికి నచ్చదండీ?"

"సరే. మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది," అంది చివరికి. ఆ మాట నిజమే కదా. ఇవాళ అంకె 140/88.

మే 14, గురువారం

156/96. గీకుతున్నాను. ఆకుపచ్చ కింద నీలం రావాలి. రాలేదు. ఆకుపచ్చ, దాని కింద బూడిదరంగు ప్రైమర్ పూత, దాని కింద ఇనుము. వెనకటి పెయింటరెవడో నీలం మొత్తం గీకేసి వేసుంటాడు. పనితనం ఉన్నవాడే.

ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఎత్తి చూశాను. అక్కడా ఆకుపచ్చే. అంటే అద్దం ఊడదీసి మరీ వేశాడు. సాయంత్రం డాష్‌బోర్డు వెనకాల లైటు వేసి చూశాను. అక్కడ కూడా ఆకుపచ్చ. డాష్‌బోర్డు కూడా విప్పాడన్నమాట, మహానుభావుడు. కారు రంగు మార్చడానికి ఇంత ఒళ్ళు వంచిన మనిషిని నేను ఈ ముప్ఫై ఏళ్ళలో చూడలేదు. ఎవడో తెలిస్తే బీరు ఇప్పించేవాణ్ణి.

మే 15, శుక్రవారం

గీకడం అయిపోయింది. మొత్తం.

మే 21, గురువారం

158/97. రాత్రి భోజనాల దగ్గర జెనీవా, "కింద నీలం కనబడిందా?" అనడిగింది. మామూలుగానే అడిగింది. నేను చెంచా బల్ల మీద విసిరికొట్టాను. "నీకు పెయింటు గురించి ఏం తెలుసు?" అని కూడా అన్నాను. షాపులో ఇరవై ఆరేళ్ళుగా లెక్కలూ ఫోనులూ అన్నీ ఆవిడే చూస్తోంది. ఆవిడకి తెలియకపోవడమేమిటి? ఎందుకలా అరిచానో నాకే అర్థం కాలేదు. బీట్‌రూట్ సూపు గోడ మీదికి చిందింది.

జూన్ 9, మంగళవారం

పెయింట్ల షాపు వెధవలు నీలం మూడోసారి కూడా తప్పు కలిపారు. ఎండలో ఊదా కొడుతుంది. తిప్పి పంపించాను. వాళ్ళకి కళ్ళున్నాయా, బొత్తాలున్నాయా? ఈ కారు మొదలైనప్పటి నుంచి ఏ పనీ సవ్యంగా సాగడంలేదు.

జూన్ 17, బుధవారం

150/93. నీలం వేశాను. ఇవాళ తప్పులు చేశాను. ఇది బయటివాడికి చెప్తే నవ్వుతాడు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో గంటకి యాభై కార్లకి రంగు కొట్టేవాళ్ళు. డిక్కీలో పల్చగా పడేది, తలుపు కింది అంచున చుక్కలు కారేవి, కారు అడుగున రంగు తుంపర్లు అడ్డదిడ్డంగా ఉండేవి. నున్నగా వేస్తే వర్జిల్ మార్కులు కోస్తాడు. ఏ తప్పు ఎక్కడుండాలో అక్కడ అదే తప్పు చెయ్యాలి. దాంట్లో నన్ను మించినవాడు డెట్రాయిట్ చుట్టుపక్కల లేడు. తలుపు కింద ఒక్క చార సరిగ్గా కారడానికి మధ్యాహ్నం మొత్తం పట్టింది.

సాయంత్రం మాక్సీన్ వచ్చింది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది.

"బాగుంది," అంది. చావింట్లో శవపేటిక బాగుందన్నట్టు అంది. తర్వాత వంగి తలుపు కింద చూసింది. "ఇక్కడ కారిందండీ."

"కావాలనే కార్చాను."

"డబ్బు తీసుకుని చారలు పెడతారా?"

"ఫ్యాక్టరీ చారమ్మా అది."

నవ్వింది. ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. "డేల్ ఉంటే మిమ్మల్ని బాగా ఆటపట్టించేవాడు," అంది. నాకూ నవ్వొచ్చింది, కాని ఆవిడ వెళ్ళాక కారు వంక చూడబుద్ధి కాలేదు.

జూన్ 23, మంగళవారం

వెనక సీటు విప్పాను.

బీపీ చూసుకోలేదు.

జూన్ 24, బుధవారం

బీపీ చూసుకోలేదు.

జూన్ 25, గురువారం

ఈ పుస్తకం ఎవరూ చూడరు కాబట్టి రాస్తాను.

సీటు స్ప్రింగుల మధ్య కాగితం ఇరుక్కుని ఉంది. ఫ్యాక్టరీలో ఒక్కో కారుతోపాటు ఒక్కో కాగితం నడుస్తుంది, ఏం బిగించాలో చూసుకోడానికి. పని అయ్యాక దాన్ని సీటులోకి తోసేసేవాళ్ళు. ఎలుకలు ఒక మూల కొరికాయి. మిగతాది చదవడానికి వస్తుంది. పైన కారు నంబరు. ముందు అద్దం దగ్గర డాష్‌బోర్డు మీదున్న ఫ్యాక్టరీ నంబరుతో పోల్చాను. అదే. చివర 38.

రంగు గడిలో "ప్రత్యేక ఆర్డరు" అని ఉంది. కింద టైపు చేసిన వరస: ట్రక్కుల లేత ఆకుపచ్చ, పాల కంపెనీ బళ్ళ రంగు.

అప్పుడు భూతద్దం తీసుకుని బిళ్ళ దగ్గరికి వెళ్ళాను. మే నాలుగో తారీఖున చెయ్యాల్సిన పని. ఆసిడ్ తినగా చివరి రెండంకెలు ఇంకా కనబడుతున్నాయి. 61. అది ఈ కారు బిళ్ళ కాదు. బ్యాటరీ కింద రేకు చూస్తే ఫ్యాక్టరీ అతుకులు లేవు, బోల్టులున్నాయి. ఎప్పుడో గుద్దుకుని ఉంటుంది. పాత సామాన్ల యార్డు నుంచి వేరే కారు రేకు తెచ్చి బిళ్ళతో సహా బిగించారు. ఎవడో నీలం కారువాడి బిళ్ళ.

బిళ్ళ నంబరూ అద్దం నంబరూ కలిస్తేనే బిళ్ళని నమ్మమని ప్రతివాడికీ చెప్పేది నేనే. కాలేజీలో పిల్లలకి పాఠం చెప్పమని పిలిస్తే, వెళ్ళి ఇదే చెప్పొచ్చాను.

అంటే అద్దం ఎవడూ ఊడదియ్యలేదు. డాష్‌బోర్డు ఎవడూ విప్పలేదు. ఆ పనితనం గల పెయింటరు లేడు. ఫ్యాక్టరీ వేసిన రంగు ఇరవై ఎనిమిదేళ్ళు ఆ కారు మీదే ఉంది. డేల్ ప్రతి ఆదివారం దాన్నే తుడుచుకున్నాడు. దాన్ని నేను రెండు రోజుల్లో గీకి పారేశాను.

పాత కార్లవాళ్ళం అందరం ఒప్పుకునే మాట ఇదొక్కటే: కొత్తగా ఎన్నిసార్లైనా వెయ్యొచ్చు, అసలు రంగు మాత్రం ఒక్కసారే ఉంటుంది.

జూన్ 27, శనివారం

168/101.

ఆలోచించాను. ఆ కాగితంలో పెయింటు నంబరుంది. కలిపించి ఆకుపచ్చే వేసేస్తాను. నా ఖర్చుతో. "మీ ముచ్చట తీర్చాలనిపించిందండీ" అంటాను. ఆవిడ సంతోషిస్తుంది. ఎవరికీ నష్టం లేదు. ఆవిడకి తేడా ఏం తెలుస్తుంది? తేడా కూడా ఉండదు. చారలతో సహా వేస్తాను.

ఎవరికీ నష్టం లేదు.

జూన్ 28, ఆదివారం

జెనీవాకి కాగితం చూపించాను. చదివి మడిచి నా చేతిలో పెట్టింది.

"ఎప్పుడు చెప్తావు?"

"ఆకుపచ్చ వేసిచ్చేస్తాను."

"అదికాదు నేనడిగింది."

నిన్నంతా నాకు బ్రహ్మాండంగా తోచిన ఉపాయం వంటింట్లో పైకి చెప్తే దొంగతనంలా వినిపించింది. ఒళ్ళు మండిపోయింది, ఆవిడ మీద కాదు.

జూలై 4, శనివారం

పార్కులో యూనియన్ వాళ్ళ భోజనాలు. మాక్సీన్ కాగితం పళ్ళెంలో సాసేజి, మొక్కజొన్న కండె పెట్టుకుని నా ఎదుటే కూర్చుంది. తప్పించుకుని పోవడానికి లేదు.

తనే మొదలుపెట్టింది. డెబ్భైలో ఆవిడకి పదహారేళ్ళు. కాలు విరిగి ఆరు వారాలు కిటికీ పక్కన మంచంలో ఉంది. డేల్ కొత్త కారు కాగితాలు తెచ్చి మంచం మీద పడేశాడట.

"ఒసేయ్ కుంటీ, రంగు నువ్వు చెప్పు. నువ్వేదంటే అదే," అన్నాడట.

అప్పుడే వీధిలో పాలబండి వెళ్తోంది. ఆరు వారాల్లో ఆవిడ కోసం రోజూ ఆగి చెయ్యూపిన మనిషి ఆ పాలవాడొక్కడే. "ఆ రంగు" అంది ఎగతాళికి. డేల్ నిజంగానే వెళ్ళి అదే అడిగాడు. కార్ల షాపువాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. అయినా పంతం పట్టి రాయించుకొచ్చాడు.

"ఆ కారు చూసినప్పుడల్లా, మా అన్న నా మాటకి ఇంత విలువిచ్చాడా అనుకునేదాన్ని," అంది. తర్వాత మొక్కజొన్న కండె పళ్ళెంలో పెట్టి పక్కకి చూసింది. "అయినా మీరు చెప్పాక ఆలోచించానండీ. నేనే తప్పు గుర్తు పెట్టుకుని ఉంటాను. నీలం కారే కొనుక్కొచ్చి తర్వాతెప్పుడో నన్ను సంతోషపెట్టడానికి ఆ రంగు వేయించాడేమో. లేకపోతే ఊరికే కథ చెప్పాడేమో. చిన్నపిల్లని, ఏది చెప్తే అది నమ్మేదాన్ని."

"ఎండగా ఉంది, నిమ్మరసం తెస్తాను," అని లేచాను. అక్కణ్ణించి అటే బండెక్కి ఇంటికొచ్చేశాను.

కారు రంగే గీకాననుకున్నాను. ఆవిడ దగ్గర వాళ్ళన్నది మిగిలింది ఆ కథే, దాన్ని కూడా గీకాను. ఛీ.

జూలై 6, సోమవారం

వెళ్ళాను. ట్రెంటన్‌లో మాక్సీన్‌ది చిన్న ఇల్లు. గుమ్మంలోనే కాగితం చేతికిచ్చాను. కూర్చుంటే చెప్పలేనేమోనని కూర్చోలేదు. బిళ్ళ గురించి, బోల్టుల గురించి, నేను చూడని నంబరు గురించి, మొత్తం చెప్పాను. అద్దం రబ్బరు కింద ఆకుపచ్చ కనబడ్డ రోజే నాకు అనుమానం వచ్చిందని కూడా చెప్పాను. ఈ పుస్తకంలో ఆ ముక్క రాయలేదు. వచ్చింది. ఆ రోజే వచ్చింది.

ఆవిడ పాల కంపెనీ అని టైపు చేసిన చోట వేలు పెట్టి ఉంచింది.

"అయితే నాకు గుర్తున్నదే నిజం."

"నిజం."

"డేల్ నిజంగానే అడిగాడు."

"అడిగాడు."

"మీరు గీకింది అదే."

"అదేనండీ."

"ఎక్కడుంది ఇప్పుడు?"

"దుమ్మండీ అది. సంచుల్లో ఎత్తాను. మేలోనే చెత్తబండి పట్టుకుపోయింది."

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. అదే నంబరుతో ఆకుపచ్చ నేనే ఊరికే వేసిస్తానన్నాను. తల అడ్డంగా ఊపింది.

"వద్దు. పోటీకి ఇలాగే తీసుకొద్దాం. మీరు కూడా రావాలి."

"మాక్సీన్ గారూ, అది తప్పుడు రంగు..."

"మొన్న మే నెలలో నేనూ అదే చెప్పబోయాను, ఎర్ల్ గారూ," అంది. తలుపేసుకుంది.

జూలై 19, ఆదివారం

163/99. ఏం చెయ్యబోతోందో తెలియడంలేదు. వర్జిల్‌కి ముందే ఫోను చేద్దామని రెండుసార్లు రిసీవర్ ఎత్తాను. పోటీ నుంచి కారు తప్పించమంటే ఎందుకంటాడు. కారణం చెప్పాలి. పెట్టేశాను. పిరికి వెధవని.

ఆగస్టు 9, ఆదివారం

పార్కు నిండా కార్లు, కార్ల నిండా జనం. వర్జిల్ అట్టా పెన్సిలూ పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని డేల్ కారు కింద లైటు వేసి చూశాడు. తుంపర్లు చూశాడు. తలుపు కింద చార చూసి నాకు కన్ను కొట్టాడు. బోనెట్ ఎత్తి బిళ్ళ చూశాడు, రంగు వరస మాత్రమే. చేసింది నేను కదా, నంబరెందుకు చూస్తాడు?

మూడింటికి మైకులో చెప్పారు. ఫ్యాక్టరీ రంగుకి మొదటి బహుమతి, నీలం రిబ్బను. జనం చప్పట్లు కొట్టారు. నా వీపు మీద ఎవరెవరో చరిచారు.

"మాక్సీన్, ఇవాళ పొద్దున ఫ్యాక్టరీ గేటు దాటినట్టుంది. మీ అన్న చూస్తే పొంగిపోయేవాడు," అన్నాడు వర్జిల్.

"మా అన్న ఈ కారుని ఈ రంగులో ఒక్కరోజు కూడా చూడలేదండీ," అంది మాక్సీన్. గొంతు పెంచలేదు. రిబ్బను తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది ఎర్ల్ గారి బహుమతి. ఎందుకో ఆయనే చెప్తారు."

అందరూ నా వైపు తిరిగారు. ఏదో ఒకటి చెప్పి నవ్వేసి తప్పించుకోవచ్చు. ఆవిడ అడ్డుపడదని నాకు తెలుసు.

చెప్పాను. మైకు లేకుండానే అందరికీ వినబడేలా చెప్పాను. బిళ్ళ వేరే కారుది. ఆవిడ మొదటిరోజే నిజం చెప్పబోతే నేను నోరు మూయించాను. ఫ్యాక్టరీ రంగు ఇరవై ఎనిమిదేళ్ళు చెక్కు చెదరకుండా ఉంటే గీకి పారేశాను.

వర్జిల్ వంగి బిళ్ళ మీద మళ్ళీ లైటు వేశాడు. "నంబరు చూళ్ళేదట్రా?"

"చూళ్ళేదురా."

"నువ్వా?"

"నేనే."

వాడు రిబ్బను తీసుకుని జేబులో కుక్కుకున్నాడు. అట్ట మీద గీత కొట్టాడు. వీపు చరిచినవాళ్ళు ఒక్కొక్కళ్ళే పక్క కారు దగ్గరికి జరిగారు. మాక్సీన్ బోనెట్ దించి, తాళం తిప్పి, ఒక్కత్తే నడుపుకుంటూ వెళ్ళిపోయింది.

ఆగస్టు 13, గురువారం

ఇద్దరు తమ కార్ల పని వాయిదా వేసుకున్నారు. మన్రో ఎర్రకారువాడు ఫోను చేసి తన కారు బిళ్ళ నంబరు నిజంగా చూశానా అనడిగాడు. చూశాను. నమ్మాడో లేదో.

ఆగస్టు 19, బుధవారం

మాక్సీన్ ఫోను చేసింది. నేనే ఎత్తాను.

"ఆ ఆకుపచ్చ కలపగలరా మీరు?"

"కలపగలనండీ. నంబరుంది కదా. రెండు వారాల్లో వేసిస్తాను. మీరెప్పుడు తెస్తే అప్పుడు." నా గొంతులో ఆత్రం నాకే వినబడింది.

"వేస్తే అది డేల్ తెచ్చిన రంగవుతుందా?"

అవుతుందండీ అనబోయాను. అచ్చం అదేనండీ, తేడా మీకు మాత్రం ఏం తెలుస్తుంది అనబోయాను. అంటే రేపు పొద్దునే తెచ్చేస్తుంది. ఆ నీలం నా కళ్ళ ముందు నుంచి పోతుంది.

"కాదండీ," అన్నాను. "అలాంటి రంగవుతుంది. నేను వేసిన రంగవుతుంది."

పక్కింట్లో ఎవరో గడ్డి కోస్తున్నారు.

"నిజం చెప్పారు. థాంక్సండీ," అంది. "అయితే వద్దులెండి."

పెట్టేసింది. ఆవిడ ఉద్యోగానికి వెళ్ళే దారి మా షాపు ముందు నుంచే. ఎనిమిదీ పదికి ఆ ఇంజను చప్పుడు వీధి చివర నుంచే తెలుస్తుంది. ఇవాళ పొద్దున కూడా పని ఆపి బయటికొచ్చి నుంచున్నాను. ఆవిడ అద్దం దించి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. నీలం చాలా బాగా కుదిరింది.